ఆరో నంబరు మెషిన్ దగ్గర ఏడు నిమిషాలు

పైన రాసుకున్న పేరు, చిరునామా నావే. నా వయసు యాభై ఒకటి. భవనాల్లో కరెంటు వైరింగును గడువు ప్రకారం తనిఖీ చేసి, అది వాడకానికి క్షేమమో కాదో రాసి సంతకం పెట్టడం నా వృత్తి. వైరింగు పని లైసెన్సు నాకు ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉంది. తనిఖీకి అర్హత వేరు, దాని పరీక్ష వేరు. అది పాసై పంతొమ్మిదేళ్ళయింది. రెండింటికీ తేడా ఏమిటని అధికారిగారు అడిగారు. బండి నడపడం వచ్చిన ప్రతివాడికీ బండి బాగుచేయడం రాదు కదా. ఇదీ అలాంటిదే. వైరు లాగడం ఒక విద్య. ఇంకొకరు లాగిన వైరులో తప్పు పట్టడం ఇంకో విద్య.

ఈ వాంగ్మూలం నా ఇష్టప్రకారమే ఇస్తున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. ఈ రోజు శనివారం, ఉదయం ఎనిమిదిన్నరకు నేనే ఈ పోలీసు స్టేషన్‌కు వచ్చి బల్ల మీద కూర్చున్నాను. మోకాలు వంగదని చూసి కుర్చీ ఇచ్చారు.

గురువారం సాయంత్రం నా తమ్ముడు ఇక్కడే వాంగ్మూలం ఇచ్చాడు. పద్నాలుగు తనిఖీ సర్టిఫికెట్ల మీద నా సంతకం తానే పెట్టాననీ, అక్కకు ఏమీ తెలియదనీ చెప్పాడు. అది పూర్తి నిజం కాదు. అందుకే వచ్చాను.

తమ్ముడు నాకంటే పదకొండేళ్ళు చిన్న. నాన్న పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. వాడికి పని నేర్పింది నేను. చేతిపనిలో వాడు నన్ను మించిపోయాడు. గోడలో వైరు ఎటు పోతోందో చేత్తో తడిమి చెప్పగలడు. తనిఖీ పరీక్ష మాత్రం రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ రాతలోనే. మూడోసారి రాయమంటే, "నువ్వున్నావు కదక్కా" అన్నాడు. నేను ఊరుకున్నాను. నాతో పాటు వచ్చి మీటరు పట్టుకునేవాడు, కొలతలు రాసుకునేవాడు. సంతకం నాది. నా ఎదురుగా, నా చెప్పుచేతల్లో చేసినంతవరకు అది నిబంధనలకు లోబడిన పనే.

ఇప్పటికి పద్నాలుగు వారాల కిందట మెట్ల మీద జారి నా మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషన్ చేయాలన్నారు. అప్పటికి ఆరు భవనాల తనిఖీ నేను స్వయంగా పూర్తి చేసి ఉన్నాను. రిపోర్టులు టైపు చేయడమే మిగిలింది. ఆపరేషన్‌కి ముందురోజు ఉదయం ఆసుపత్రి మంచం మీద తమ్ముడు ఖాళీ సర్టిఫికెట్ ఫారాలు తెచ్చాడు. ఆరింటి మీద సంతకం పెట్టాను. టైపులో తప్పు పోతే మళ్ళీ నా దగ్గరికి పరుగెత్తనక్కర్లేదని ఇంకో ఆరింటి మీద కూడా పెట్టాను. ఎక్కువ పెట్టమని వాడు అడగలేదు. నాకే తోచింది. మిగిలిన ఆరు ఏమయ్యాయని ఆ తర్వాత ఒక్కసారి కూడా నేను అడగలేదు. నర్సు వచ్చి చేతికి సూది గుచ్చుతుంటే ఎడమ చేతిని ఆవిడకు ఇచ్చి కుడి చేత్తో సంతకాలు పెట్టాను. అది బాగా గుర్తుంది.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదని నాకు తెలుసు. తమ్ముడికి నేర్పిన మొదటి పాఠాల్లో అదొకటి.

పది వారాలు మంచం మీద ఉన్నాను. ఆ పది వారాల్లోనూ తర్వాతి నాలుగింటిలోనూ తమ్ముడు ఒక్కడే వెళ్ళి పద్నాలుగు భవనాలకు నా పేరుతో సర్టిఫికెట్లు ఇచ్చాడు. మొదటి ఆరు నేను అదనంగా సంతకం పెట్టిన ఫారాలే. తక్కిన ఎనిమిదింటి మీద వాడు నా సంతకం దింపాడు. "పనులు ఎలా నడుస్తున్నాయిరా?" అని నేను అడిగేదాన్ని. "అన్నీ వాయిదా వేయించానక్కా, నువ్వు లేచాక చూద్దాం" అనేవాడు.

ఇక గురువారం సంగతి.

ఉదయం పది గంటల పది నిమిషాలకు ఫోన్ వచ్చింది. ఒక లాండ్రీ మేనేజరు. "మేడమ్, మీరిచ్చిన సర్టిఫికెట్‌లో మూడో పేజీ సరిగ్గా అచ్చు పడలేదు. మేము దుప్పట్లు ఉతికిచ్చే ఆసుపత్రివాళ్ళు కాపీ అడుగుతున్నారు. ఇంకోటి పంపుతారా?" అన్నాడు.

ఏ లాండ్రీ అని అడిగాను. చెప్పాడు. ఆ లాండ్రీలో నేను ఏనాడూ అడుగు పెట్టలేదు. ఆ మాట మాత్రం ఆయనతో అనలేదు. ఉన్న పేజీలను ఫోటో తీసి పంపమన్నాను. పది ఇరవై అయిదుకు వచ్చాయి.

సంతకం నాదే. మొదట చూసింది దాన్నే. తర్వాత కొలతలు చూశాను. తొడుగు దాటి కరెంటు బయటికి కారుతోందా లేదా అని ప్రతి వైరుకూ ఒక పరీక్ష ఉంటుంది. సరఫరా ఆపేస్తే గానీ అది చేయలేం. పన్నెండు సర్క్యూట్లకీ ఆ గడిలో రెండు వందలు, రెండు వందలు, రెండు వందలు అని ఉంది. నిజంగా కొలిచిన అంకెలు అలా ఉండవు. ఒకటి నూట ఎనభై ఏడు వస్తుంది, ఒకటి మూడు వందల పన్నెండు వస్తుంది. పన్నెండూ ఒకటే వచ్చాయంటే మీటరు సంచిలోంచి బయటికి రాలేదన్నమాట.

తమ్ముడికి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మీటరు సంచి తీసుకుని అద్దె కారులో బయల్దేరాను. సంచిలో మీటరు, టెస్టరు, ఎర్ర తాళం, "పని జరుగుతోంది, స్విచ్ వేయవద్దు" అన్న అట్ట ఉన్నాయి. తాళం ఉన్నట్టు నాకు తెలుసు. దారిలో రెండుసార్లు తడిమి చూసుకున్నాను.

పదకొండూ అయిదుకు చేరాను. పొడుగాటి గది, గోడ వెంట పదకొండు ఉతికే మెషిన్లు, అన్నీ తిరుగుతున్నాయి. నేలంతా తడి. లోపల నలుగురు ఆడవాళ్ళు. అందరి కాళ్ళకూ మందపాటి రబ్బరు చెప్పులు. యజమాని ఇచ్చాడేమో అనుకుని అడిగాను. వాళ్ళలో ఒకామె నవ్వి, "ఆరో నంబరు చీమల మెషినమ్మా. ముట్టుకుంటే చీమలు కుడతాయి. చెప్పులేసుకుంటే కుట్టవు" అంది. ఎన్నాళ్ళుగా అంటే, నేల బాగుచేయించి మెషిన్లు జరిపినప్పటి నుంచీ అంది. ఆఫీసు గది పక్కన గోడకు నా సర్టిఫికెట్ అద్దం కట్టించి తగిలించి ఉంది.

పదకొండు పద్నాలుగుకు ఆరో మెషిన్ ఒంటికీ పక్కనున్న ఇనుప కుళాయికీ మధ్య కొలిచాను. సున్నా చూపాలి. తొంభై నాలుగు వోల్టులు చూపింది. మెషిన్ వెనక ఎర్త్ తీగ తెగి వేలాడుతోంది. అంటే లోపల కారిన కరెంటు భూమిలోకి పోయే దారి లేక, తాకిన మనిషి కోసం ఎదురు చూస్తోందన్నమాట. గోడ మీది బోర్డులో, కరెంటు పక్కదారి పడితే రెప్పపాటులో సరఫరా ఆపేసే బ్రేకరు ఉంది. దాని పరీక్ష బటన్ నొక్కాను. మీట కింద పడింది. మెషిన్లు ఆగలేదు. ఎవరో దాన్ని తప్పించి పక్కనుంచి వైరు కలిపారు. ఎవరో నాకు తెలియదు. సర్టిఫికెట్‌లో మాత్రం ఆ బ్రేకరు సరిగ్గా పనిచేస్తోందని రాసి ఉంది. మెయిన్ స్విచ్ ముందు సబ్బుపొడి బస్తాలు నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి.

ఇలాంటిది కంటబడితే ఏం చేయాలో చెబుతాను. ముందు సరఫరా ఆపాలి. తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఆ తర్వాతే మాటలు, కాగితాలు. యజమాని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అంతే. పంతొమ్మిదేళ్ళుగా అందరికీ చెబుతున్నది ఇదే.

పదకొండు పదహారుకు మేనేజరుకు చెప్పాను.

"ఆపడమా? ఒంటిగంటకల్లా దుప్పట్లు ఆసుపత్రిలో ఉండాలి. బాగుందని మీరే రాసిచ్చి, ఇప్పుడు మీరే బాగోలేదంటే మేమేం కావాలి మేడమ్?"

"మనిషి పోతే ఏమవుతారు?"

"మూడు నెలల్నుంచి ఎవరూ పోలేదు కదా. ఉండండి, మీవాణ్ణి పిలుస్తా."

నాకు ఎత్తని ఫోన్ ఆయనకు మొదటి గంటకే ఎత్తాడు. రెండు వీధుల అవతలే ఉన్నాడట. ఈలోగా నేను ఆరో మెషిన్‌ను దాని మీటతోనే ఆపి, "వాడవద్దు" అని కాగితం మీద రాసి మూతకు అంటించాను. మూత తడిగా ఉంది. తాళం సంచిలోనే ఉంది. మెషిన్ మీటతో ఆపితే మోటారు ఆగుతుంది గానీ సరఫరా ఆగదు. ఇదీ నాకు తెలుసు.

పదకొండు ఇరవై రెండుకు తమ్ముడు వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ గుమ్మానికి ఎదురు గోడ మీద గడియారం ఉంది. అప్పుడు పదకొండు ఇరవై మూడు. మాట్లాడుతున్నంతసేపూ గడియారం నా కళ్ళెదుటే ఉంది.

"ఏరా, ఇదేంటి?"

"అక్కా, ముందు గొంతు తగ్గించు."

"పన్నెండు సర్క్యూట్లకీ రెండొందలా? కవలపిల్లలకైనా జ్వరం ఒకే డిగ్రీ రాదు కదరా!"

"ఆపనివ్వలేదక్కా. గంట ఆపమంటే ఆ మేనేజరు మీదపడి కరిచినంత పని చేశాడు."

"ఆపనివ్వకపోతే ఏం రాయాలి?"

"పరీక్షించలేదు అని రాయాలి. ఎందుకు చేయలేదో రాయాలి."

"మరి?"

"అలా రాస్తే ఇంకొకర్ని పిలుచుకుంటారు. నువ్వు మంచం దిగేసరికి నీ పేరు అందరూ మర్చిపోతారు. నీ పేరు నిలబెడదామనుకున్నానక్కా."

ఇంకా ఎన్ని ఇచ్చావని అడిగాను. చెప్పాడు. పద్నాలుగు.

తర్వాత అన్న మాట కోసమే ఈ రోజు ఇక్కడికి వచ్చాను. "సరే, ఏడవకు. ఎర్త్ తీగ ఇప్పుడే కలిపేద్దాం. బ్రేకరు సరిచేద్దాం. పాత కాగితం చింపి కొత్తది ఇద్దాం. తక్కినవి ఒక్కొక్కటే నేనే వెళ్ళి చూసొస్తా. ఎవరికీ తెలియక్కర్లేదు." ఈ మాట తమ్ముడు అన్నది కాదు. నేను అన్నది. ఏ భవనం ముందు, ఏది తర్వాత, ఎవరికి ఏం సాకు చెప్పాలి అని వేళ్ళ మీద లెక్క కూడా వేశాను. పదకొండు ఇరవై మూడు నుంచి పదకొండు ముప్పై దాకా నేను చేసింది ఇదే. ఆ ఏడు నిమిషాల్లో మెయిన్ స్విచ్ ఏడుసార్లు దింపవచ్చు.

పదకొండు ముప్పైకి లోపల అరుపు వినబడింది.

ఆ లాండ్రీలో పెద్దమ్మ అని అందరూ పిలిచే ఆవిడ ఉంది. వయసు అరవై. నేను వచ్చినప్పుడు టీకి బయటికి వెళ్ళి ఉంది. నేను ఆరో మెషిన్ ఆపిన సంగతి ఆవిడకు తెలియదు. టీ తాగి వచ్చి, చెప్పులు జారుతున్నాయని గుమ్మం దగ్గర విడిచి, లోపలికి వెళ్ళింది. నా కాగితం తడికి ఊడి నేల మీద ముద్దయి పడి ఉంది. తన మెషిన్ ఎందుకు ఆగిందని మీట వేసింది. నేను చూసేసరికి కుడి చేయి మెషిన్ మూత మీద, ఎడమ చేయి కుళాయి మీద ఉన్నాయి. రెండూ వదలడం లేదు. అరిచింది ఆవిడ కాదు, పక్కనున్నామె. ఆవిడ నోట మాట లేదు.

తమ్ముడు బోర్డు దగ్గరికి దూకి ఆరు అని రాసి ఉన్న స్విచ్ దింపాడు. ఏడో మెషిన్ ఆగింది. ఆరోది ఆగలేదు. స్విచ్‌ల మీద నంబర్లు సరిగ్గా ఉన్నాయని సర్టిఫికెట్‌లో టిక్కు పెట్టి ఉంది. వాడు ఒక్క క్షణం తన చేతివంక చూసుకున్నాడు. నేను మెయిన్ స్విచ్ వైపు పరుగెత్తాను. పరుగెత్తానని అంటున్నాను గానీ, గోడ పట్టుకుని కుంటుతూ వెళ్ళాను. బస్తాలు లాగాను. ఒకటి పగిలి పొడి కళ్ళలో పడింది. ఈలోగా తమ్ముడు మడత పెట్టిన పొడి దుప్పట్లు తీసి ఆవిడ నడుము చుట్టూ వేసి లాగాడు. లాగుతుండగా వాడి ఎడమ మోచేయి మెషిన్‌కు తగిలి కాలింది. నేను మెయిన్ దింపేసరికి పదకొండు ముప్పై ఒకటి. అన్ని మెషిన్లూ ఒక్కసారి ఆగాయి. నీళ్ళు లోపల అటూ ఇటూ ఊగి నిలిచిన చప్పుడు వినబడింది.

పెద్దమ్మకు ఊపిరి లేదు. తమ్ముడు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. కాలిన చేత్తోనే నొక్కాడు. ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి. వాడికి ఆయాసం వస్తే నేను లెక్కపెట్టాను. మేనేజరే అంబులెన్సుకు ఫోన్ చేశాడు. పదకొండు నలభై నాలుగుకు వచ్చింది. బండి ఎక్కించేముందు ఆవిడ దగ్గింది. ఆ దగ్గు విన్నాక తమ్ముడు పక్కకు వెళ్ళి వాంతి చేసుకున్నాడు.

పెద్దమ్మ బతికింది. ఎవరైనా అడిగితే ఇది ముందు చెప్పండి. కుడి చేతి రెండు వేళ్ళకు స్పర్శ లేదు. వస్తుందో రాదో డాక్టరు చెప్పలేనన్నారు. గురువారం సాయంత్రం నాలుగున్నరకు చూడడానికి వెళ్ళాను. నేనెవరో చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"చీమలు కుడుతున్నాయని నాలుగుసార్లు చెప్పాలనుకున్నానమ్మా. గోడకి మీ కాగితం ఉంది కదా. చదువుకున్నోళ్ళు బాగుందని రాశారు, నా చేతుల్లోనే ఏదో తేడా ఉంది, వయసు మీదపడింది అనుకున్నా" అంది.

దుప్పటి సర్ది వచ్చేశాను.

ఇల్లు చేరేసరికి ఆరు. తమ్ముడు అప్పటికే ఇక్కడికి వచ్చి అంతా తానే చేశానని రాయించుకున్నాడు. సంగతి మరదలు చెప్పింది. నా గుమ్మంలోనే కూర్చుని ఉంది, చంకలో పాప నిద్రపోతోంది.

"వదినా, నువ్వు వెళ్ళి ఏమీ చెప్పకు. ఆయన చెప్పొద్దన్నారు. మునిగే పడవలోంచి ఒక్కరైనా గట్టెక్కాలి కదా" అంది.

"గట్టెక్కి ఏం చేయనే?"

"పని చేసుకో. మమ్మల్ని చూసుకో. ఆయన్ని కూడా నువ్వే కదా పెంచావు."

తమ్ముడు నాకిమ్మని ఒక నోటు పుస్తకం ఇచ్చి వెళ్ళాడంది. పద్నాలుగు భవనాల చిరునామాలు వాడి చేతిరాతలో ఉన్నాయి. కొన్నిటి పక్కన చుక్క పెట్టాడు. చుక్క ఉన్నచోట నిజంగా పరీక్షించాడా, పరీక్షించలేదా అన్నది రాయలేదు. పోలీసుల అదుపులో ఉన్నవాణ్ణి నిన్న అయిదు నిమిషాలు కలవనిచ్చారు. అడిగాను. తనకే గుర్తు లేదన్నాడు. తలెత్తలేదు.

నిన్న, శుక్రవారం, ఉదయం తొమ్మిదింటి నుంచి లాండ్రీ పోగా మిగిలిన పదమూడు చోట్లకూ ఫోన్ చేశాను. "మీ దగ్గరున్న సర్టిఫికెట్ చెల్లదు. నేనే చెబుతున్నాను. కరెంటు ఆపి అర్హత ఉన్న ఇంకొకరితో తనిఖీ చేయించుకోండి" అన్నాను. నలుగురు విన్నారు. ఒకాయన నేను ఇంకో కంపెనీ తరఫున బెదిరిస్తున్నాననుకున్నాడు. ఒకామె, "కాగితం మీద మీ సంతకమే కదమ్మా ఉంది, మీకే మతి చెదిరిందా?" అంది. పసిపిల్లల్ని పగలు చూసుకునే కేంద్రం ఒకటుంది. దాన్ని నడిపేవాళ్ళు రెండుసార్లు ఫోన్ పెట్టేశారు. మూడోసారి ఎత్తలేదు. నేనే వెళ్ళాను. ఆదివారం దాకా సెలవని తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూశాను. చేతులు కడిగే తొట్టి పక్కనే, పిల్లల ఎత్తులో, ప్లగ్గు ఉంది. అది సోమవారం ఉదయం ఏడున్నరకు తెరుస్తారు.

అలా తొమ్మిది చోట్ల నా మాట చెల్లలేదు. కాగితం మీద నా సంతకాన్ని నమ్మినవాళ్ళు ఎదుటపడి చెబుతున్న నన్ను నమ్మలేదు. వాళ్ళను తప్పు పట్టను.

సాయంత్రం నా తనిఖీ లైసెన్సునూ ముద్రనూ లైసెన్సు ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకున్నాను. అందువల్ల ఈ తొమ్మిదింటినీ నేను పరీక్షించలేను. పరీక్షించకూడదు. అర్హత ఉన్నవాళ్ళు, గడువులోగా మీటరు సరిచూపించుకున్నవాళ్ళు, ఆపనివ్వకపోతే "పరీక్షించలేదు" అని రాసే ధైర్యం ఉన్నవాళ్ళు వెళ్ళాలి.

అధికారిగారు పద్నాలుగు సర్టిఫికెట్లూ నా ముందు పరిచి, నావి ఏవో వేరు చేయమన్నారు. సంతకం చూసి వేరు చేయలేకపోయాను. ఫారాల వరుస నంబర్లను బట్టి చేశాను. మొదటి ఆరింటి మీద సంతకం నాదే. ఖాళీగా ఉండగా, తెలిసి పెట్టాను. లాండ్రీది వాటిలో రెండోది. తక్కిన ఎనిమిదీ తమ్ముడు పెట్టినవి. వాడు తప్పు చేయలేదని చెప్పడం లేదు. వాడొక్కడే చేశాడన్నది అబద్ధం అంటున్నాను. ఆ ఏడు నిమిషాలు వాడివి కావు.

తొమ్మిది చిరునామాలూ వేరే కాగితం మీద రాసి ఇస్తున్నాను. పసిపిల్లల కేంద్రాన్ని మొదట రాశాను. దయచేసి ఈ రోజే ఉత్తర్వు పంపండి. సోమవారం ఏడున్నర అని రెండోసారి చెబుతున్నాను. అవసరమైతే మూడోసారి కూడా చెబుతాను.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట "కొద్దిసేపు మాట్లాడుకున్నారు" అని ఉంటే, "ఏడు నిమిషాలు" అని మార్పించాను. ఇందులో ఉన్నవన్నీ నేను చూసినవి, నేను చేసినవి, నేను చేయకుండా ఊరుకున్నవి. కలిపినది లేదు, దాచినది లేదు. ప్రతి పేజీ నిండాకే, చదువుకున్నాకే, అధికారిగారి ఎదుట సంతకం చేస్తున్నాను. నా సంతకాన్ని ఇంకో చేయి కూడా పెట్టగలదు గనుక, నేను కోరిన మీదట పక్కనే ఎడమ బొటనవేలి ముద్ర కూడా తీసుకున్నారు.

(సంతకం)
(ఎడమ బొటనవేలి ముద్ర)
శనివారం, ఉదయం పది గంటల యాభై నిమిషాలు